దుకాణం ప్రకటనల ఖర్చును, ఫలితాన్ని ఒకే పుటలో చూపే డాష్‌బోర్డు: తయారీ, నివేదిక

నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక మోస్తరు చీరల దుకాణం ఉందనుకుందాం. వెంకటగిరి జరీ చీరలు, పెళ్ళి పట్టుచీరలు దాని ప్రధానమైన సరుకు. కూడళ్ళలో ఫ్లెక్సీలు, స్థానిక కేబుల్ టీవీలో ప్రకటన, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో డబ్బు కట్టి నడిపే వీడియోలు, గూగుల్‌లో వెతికేవారికి కనిపించే ప్రకటన, పాత ఖాతాదారులకు పంపే వాట్సాప్ సందేశాలు, ఇలా అనేక దారులలో నెలనెలా డబ్బు వెళ్తుంది. నెలాఖరున ఎవరి లెక్క వారు తెస్తారు. వీడియోను ఇంతమంది చూశారని ఒకరు, లింకును ఇంతమంది నొక్కారని మరొకరు, ఫ్లెక్సీ గురించి ఊరంతా మాట్లాడుకుంటున్నారని ఇంకొకరు చెబుతారు. అన్నీ బాగున్నట్టే ఉంటాయి కాని, గల్లాపెట్టెలో పడిన సొమ్ముకూ వీటికీ ఉన్న సంబంధం ఏమిటో ఎవరూ చెప్పలేరు. ఆ సంబంధాన్ని ఒకే పుటలో, ఎప్పటికప్పుడు తాజాగా చూపేదే డాష్‌బోర్డు. ఉచితంగా దొరికే సాధనాలతో, ప్రోగ్రామింగ్ తెలియనివారు కూడా దానిని తయారుచేసుకోవచ్చు. క్రమం తప్పని నమోదు, ఏ అంకెను ఎందుకు చూస్తున్నామన్న స్పష్టత మాత్రం తప్పనిసరి.

ముందు నిర్ణయాలు, తరువాత అంకెలు

కంప్యూటర్ తెరవడానికి ముందు ఒక కాగితం తీసుకుని, ప్రకటనల విషయంలో యజమాని ప్రతి నెలా తీసుకునే నిర్ణయాలేమిటో రాయండి. వచ్చే నెల డబ్బులో ఎంత భాగం ఇన్‌స్టాగ్రామ్‌కు, ఎంత గూగుల్‌కు కేటాయించాలి? ఫ్లెక్సీలను కొనసాగించాలా? వాట్సాప్‌లో వచ్చే ప్రశ్నలకు జవాబివ్వడానికి ప్రత్యేకంగా ఒక మనిషిని పెట్టాలా? సాధారణంగా ఈ జాబితా అరడజను దాటదు. ఈ నిర్ణయాలలో ఏ ఒక్కదానినీ మార్చలేని అంకెకు డాష్‌బోర్డు మొదటి పుటలో చోటు ఇవ్వకండి. లైకులు, ఫాలోవర్ల సంఖ్య, వీడియో చూసినవారి సంఖ్య ఇలాంటివే. అవి ప్రకటనను రూపొందించేవారికి ఉపయోగపడతాయి కాబట్టి రెండవ పుటలో ఉంచవచ్చు.

చీరల దుకాణం విషయంలో మొదటి పుటకు నాలుగు అంకెలు సరిపోతాయి: ఒక్కో దారిలో పెట్టిన ఖర్చు, ఆ దారిలో వచ్చిన విచారణలు (సరుకు, ధరల గురించి అడుగుతూ వచ్చిన ఫోన్లు, సందేశాలు), వాటిలో కొనుగోలుగా మారినవి, ఆ కొనుగోళ్ళ మొత్తం విలువ. మిగిలినవి వీటినుంచే లెక్కగట్టవచ్చు. ఒక నెలలో రూ.40,000 ఖర్చుతో 320 విచారణలు, వాటినుంచి 64 కొనుగోళ్ళు, రూ.2,24,000 అమ్మకం వచ్చాయనుకోండి. ఒక్కో విచారణకు రూ.125, ఒక్కో కొనుగోలుకు రూ.625 ఖర్చయినట్టు. పెట్టిన రూపాయికి 5 రూపాయల 60 పైసల అమ్మకం వచ్చింది. వినడానికి ఇది చాలా బాగుంటుంది. అయితే సరుకు మీద మిగిలే లాభం 20 శాతం అయితే, ఆ అమ్మకంపై దుకాణానికి దక్కేది రూ.44,800. ప్రకటనల ఖర్చు తీసివేస్తే మిగిలేది రూ.4,800 మాత్రమే. అదే అమ్మకం ఖర్చుకు అయిదు రెట్లకంటే తగ్గితే ఆ నెల ప్రకటనలు నష్టానికి నడిచినట్టే. అందువల్ల లాభశాతాన్ని యజమానిని అడిగి తెలుసుకుని, “ఇంతకంటే తగ్గితే నష్టం” అనే గీతను డాష్‌బోర్డులో గీసి చూపడం నా దృష్టిలో అన్నింటికంటే ముఖ్యమైన పని. ఆ గీత లేని డాష్‌బోర్డు ఎంత అందంగా ఉన్నా యజమానికి దారి చూపదు.

ఖర్చు నమోదులో ఒక చిన్న జాగ్రత్త అవసరం. ఆన్‌లైన్ ప్రకటనలపై 18 శాతం జీఎస్టీ పడుతుంది. పన్నుతో కలిపి రాస్తారా, పన్ను లేకుండా రాస్తారా అన్నది మీ ఆడిటరుతో మాట్లాడి ఒకసారి నిర్ణయించుకుని, అన్ని దారులకూ అదే పద్ధతిని పాటించండి.

బిల్లింగు కౌంటరు దగ్గర మొదలయ్యే లెక్క

మన ప్రాంతపు దుకాణాలకు ఉన్న ప్రత్యేకత ఒకటుంది. కావలిలోనో ఆత్మకూరులోనో ఉన్న కుటుంబం ఫోనులో చీర చూస్తుంది, ఆదివారం నాడు నెల్లూరు వచ్చి, చేత్తో పట్టి చూసుకుని, నగదో ఫోన్‌పేనో ఇచ్చి కొంటుంది. వెబ్‌సైటులోనే సరుకు ఎంచుకుని, అక్కడే డబ్బు కట్టే కొనుగోలును మాత్రమే చూడగలిగే సాధనాలకు ఈ కొనుగోలు కనిపించనే కనిపించదు. కాబట్టి బిల్లింగు కౌంటరులో రాసుకునే సమాచారమే ఈ డాష్‌బోర్డుకు వెన్నెముక.

బిల్లు వేసేటప్పుడు “అమ్మా, మా దుకాణం గురించి మీకు ఎలా తెలిసింది?” అని మర్యాదగా ఒక్క ప్రశ్న అడిగి, జవాబును బిల్లింగు సాఫ్ట్‌వేరులో ఒక కోడుగా గాని, పక్కనున్న పుస్తకంలో గాని నమోదు చేయించండి. కోడులు ఆరింటికి మించకూడదు: పాత ఖాతాదారు, తెలిసినవారు చెప్పారు, ఫేస్‌బుక్ లేదా ఇన్‌స్టాగ్రామ్, గూగుల్, ఫ్లెక్సీ లేదా కేబుల్, తెలియదు. చివరిదైన “తెలియదు” తప్పక ఉండాలి. అది లేకపోతే రద్దీ వేళల్లో కౌంటరులో ఉన్నవారు జాబితాలో మొదట ఉన్నదానినే నొక్కుతూ పోతారు, ఆ అబద్ధపు లెక్క నెలంతా నిజంలా కనిపిస్తుంది. వారానికి ఒకసారి ఆదివారం సాయంత్రపు నమోదులను వేరుగా తీసి చూడండి. వరుసగా ఒకే కోడు పడి ఉంటే, ఆ గంటలను లెక్కలోనుంచి తీసివేసి, కౌంటరులోనివారితో కోపం లేకుండా మాట్లాడండి. వారి సహకారం లేకుండా ఈ పని ఒక్క నెల కూడా నిలవదు.

ఫోనులో వచ్చే విచారణలను గుర్తించడం దీనికంటే సులభం. వాట్సాప్ చిన్న లింకులో, ఖాతాదారు పంపబోయే మొదటి సందేశాన్ని ముందుగానే నింపి ఉంచవచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే లింకులో “వెంకటగిరి చీరల వీడియో చూశాను” అని, ఫ్లెక్సీ మీద ముద్రించే క్యూఆర్ కోడులో “బోర్డు చూశాను, ధరలు పంపండి” అని వేర్వేరు మాటలు పెడితే, వచ్చిన సందేశమే ఏ దారిలో వచ్చిందో చెబుతుంది. వాట్సాప్ బిజినెస్ యాప్‌లోని లేబుళ్ళను వాడి ప్రతి సంభాషణకు దారి పేరు, కొన్నారా లేదా అన్న ఫలితం అంటించండి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్‌లో, మ్యాప్‌లో దుకాణం వివరాలు చూపే పుట) ఉంటే, అందులోనుంచి ఎంతమంది ఫోను చేశారో, ఎంతమంది దుకాణానికి దారి అడిగారో నెలవారీగా తెలుస్తుంది. పక్క ఊళ్ళనుంచి వచ్చేవారు ఎక్కువగా ఉండే దుకాణానికి దారి అడిగినవారి సంఖ్య చాలా విలువైనది.

వెబ్‌సైటు ఉంటే, దానికి ఎంతమంది ఎక్కడినుంచి వచ్చారో లెక్కించే గూగుల్ అనలిటిక్స్ 4 పెట్టుకోవాలి. పాత యూనివర్సల్ అనలిటిక్స్ 2023 జూలై 1 నుంచి సాధారణ ఖాతాల సమాచారాన్ని నమోదు చేయడం మానేసింది. బయట ఎక్కడ లింకు పెట్టినా దానికి యూటీఎం గుర్తులు (ఎక్కడినుంచి వచ్చారో తెలిపేలా లింకు చివర జతచేసే మాటలు) చేర్చండి. సోర్స్ అంటే ఎక్కడినుంచి, మీడియం అంటే ఏ తరహా దారి, క్యాంపెయిన్ అంటే ఏ ప్రచారం. ఈ పేర్లలో ఇంగ్లిషు పెద్ద అక్షరం, చిన్న అక్షరం వేర్వేరుగా లెక్కకొస్తాయి కాబట్టి, ఒకరు ఫేస్‌బుక్‌ను పెద్ద అక్షరంతో, మరొకరు చిన్న అక్షరంతో మొదలుపెట్టి రాస్తే నివేదికలో అది రెండు వరుసలవుతుంది. అన్నీ చిన్న అక్షరాలలోనే, పదాల మధ్య ఖాళీ లేకుండా రాయాలని నియమం పెట్టుకుని, వాడే పేర్ల పట్టికను అందరికీ కనిపించే చోట ఉంచండి. మీ వెబ్‌సైటులోని ఒక పుటనుంచి మరొక పుటకు వెళ్ళే లింకులకు మాత్రం ఈ గుర్తులు పెట్టకూడదు. పెడితే ఖాతాదారు మొదట ఎక్కడినుంచి వచ్చాడన్న సమాచారం చెరిగిపోతుంది.

షీటు, దాని మీద డాష్‌బోర్డు

ఇవన్నీ వచ్చి చేరే చోటుగా ఒక గూగుల్ షీటును తయారుచేయండి. ఒక తేదీ, ఒక దారి కలిసి ఒక వరుస. నిలువు వరుసలు: తేదీ, దారి, ప్రచారం పేరు, ఖర్చు, విచారణలు, కొనుగోళ్ళు, అమ్మకం విలువ, కాలం. చివరి దాని సంగతి తరువాత చెబుతాను. మధ్యలో ఉపమొత్తాలు వేయడం, గడులను కలిపివేయడం, రంగులతో అర్థం చెప్పడం కాగితపు పుస్తకంలో బాగుంటాయి గాని, ఇక్కడ లెక్కను పాడుచేస్తాయి. సొమ్మును “రూ.1,500/-” అని రాస్తే యంత్రం దానిని అంకెగా కాక మాటగా చదువుతుంది. 1500 అని మాత్రమే రాయాలి.

తరువాత, అంకెలను పట్టికలుగా, గ్రాఫులుగా చూపే గూగుల్ సాధనమైన లుకర్ స్టూడియోలో కొత్త నివేదిక తెరిచి ఈ షీటును దానికి కలపండి. 2022 అక్టోబరు వరకు డేటా స్టూడియో అన్న పేరుతో ఉన్న సాధనం ఇదే. షీట్లు, అనలిటిక్స్, గూగుల్ యాడ్స్, సెర్చ్ కన్సోల్ వంటి గూగుల్ సొంత సేవలను దీనికి ఉచితంగా కలపవచ్చు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనల సమాచారాన్ని నేరుగా తెచ్చుకోవాలంటే బయటి సంస్థల కనెక్టర్లు (ఒక సేవలోని సమాచారాన్ని మరొకదానికి చేరవేసే సాధనాలు) కావాలి, వాటిలో చాలావాటికి నెలవారీ రుసుము ఉంటుంది. ఒక దుకాణానికి ఆ ఖర్చు అవసరం లేదని నా అభిప్రాయం. ప్రతి సోమవారం ఉదయం ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలను నడిపే యాడ్స్ మేనేజర్‌నుంచి రోజువారీ లెక్కను సీఎస్‌వీ ఫైలుగా (షీటులో తెరుచుకునే సాదా పట్టికగా) దించుకుని షీటులో అతికిస్తే చాలు. ఫ్లెక్సీ ముద్రణ, కేబుల్ ప్రకటన వంటి ఖర్చులను ఎటూ చేత్తోనే రాయాలి. నెలకు ఒకసారి కట్టే అలాంటి సొమ్మును ఆ నెల రోజులకు సమానంగా పంచి రాయండి. లేకపోతే కట్టిన రోజున గ్రాఫు ఆకాశానికి లేచి, మిగిలిన రోజుల్లో ఆ ప్రకటన ఉచితంగా నడిచినట్టు కనిపిస్తుంది.

అనలిటిక్స్ ఖాతాలో సమయమండలం భారతదేశానిది, కరెన్సీ రూపాయి అని ఉన్నాయో లేదో మొదటే చూసుకోండి. అమెరికా సమయం మీద ఉండిపోతే మీ ఉదయపు లెక్కలు ముందు రోజు ఖాతాలో పడతాయి. ఆదివారపు ప్రకటన బాగా పనిచేసిందా, శనివారపుదా అన్న ప్రశ్నకు ఆ తరువాత సరైన సమాధానం దొరకదు.

పుట అమరికలో పెద్ద విద్య ఏమీ లేదు. పైన నాలుగు ముఖ్యమైన అంకెలు, వాటి పక్కన గత కాలంతో పోలిక. మధ్యలో వారాలవారీగా అమ్మకం, ఖర్చు చూపే గీతల గ్రాఫు, దానిలో నష్టపు గీత. కింద దారులవారీ పట్టిక. తేదీల ఎంపికకు ఒక నియంత్రణ. యజమాని దీనిని కౌంటరులో కూర్చుని ఫోనులోనే చూస్తారు కాబట్టి పుటను సన్నగా, అక్షరాలను పెద్దగా, శీర్షికలను తెలుగులో పెట్టండి. “ఒక్కో కొనుగోలుకు పడిన ఖర్చు” అన్న మాటను అర్థం చేసుకోవడానికి ఎవరి సాయమూ అక్కరలేదు.

లెక్కగట్టే గడిని తయారుచేసేటప్పుడు చాలామంది పొరపాటు పడే చోటు ఒకటుంది. ఒక్కో కొనుగోలుకు అయిన ఖర్చును ప్రతి వరుసలో లెక్కించి, ఆ ఫలితాలకు సగటు కట్టకూడదు. మొదటి రోజు రూ.1,000 ఖర్చుకు ఒక కొనుగోలు, రెండవ రోజు రూ.1,000 ఖర్చుకు పది కొనుగోళ్ళు వచ్చాయనుకోండి. రోజువారీ ఫలితాలు 1,000, 100. వాటి సగటు రూ.550. వాస్తవానికి రూ.2,000కు 11 కొనుగోళ్ళు వచ్చాయి, అంటే ఒక్కోదానికి సుమారు రూ.182. కాబట్టి మొత్తం ఖర్చును, మొత్తం కొనుగోళ్ళను ముందు విడివిడిగా కూడి, ఆ తరువాతనే భాగించేలా సూత్రం రాయాలి.

అంకెలు ఒకదానితో ఒకటి కలవనప్పుడు

మొదటి నెలలోనే మీకు ఈ చిక్కు ఎదురవుతుంది. వెబ్‌సైటులో జరిగిన కొనుగోళ్ళు ఫేస్‌బుక్ లెక్కలో 30, గూగుల్ యాడ్స్ లెక్కలో 25, మీ బిల్లులు చూస్తే 41. ఎవరూ మోసం చేయలేదు. ప్రకటనను నొక్కిన 7 రోజులలోపు గాని, చూసిన ఒక రోజులోపు గాని జరిగిన కొనుగోలును ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల యజమాని సంస్థ మెటా సాధారణంగా తన ఖాతాలో వేసుకుంటుంది. గూగుల్ యాడ్స్ మామూలుగా నొక్కిన 30 రోజుల వరకు లెక్కిస్తుంది. బుధవారం ఇన్‌స్టాగ్రామ్‌లో చీర చూసి నొక్కి, శుక్రవారం గూగుల్‌లో దుకాణం పేరు వెతికి ప్రకటన నొక్కి కొన్న ఒకే ఖాతాదారు రెండు చోట్లా లెక్కకు వస్తుంది. కాబట్టి ఈ రెండు అంకెలను ఎప్పుడూ కూడకండి. పైన చూపే మొత్తం మీ బిల్లులనుంచే రావాలి. ఆయా సంస్థల లెక్కలను ఆ సంస్థ లోపలి ప్రకటనలను ఒకదానితో ఒకటి పోల్చడానికి మాత్రమే వాడండి.

ఆలస్యం కూడా ఉంటుంది. అనలిటిక్స్‌లో సమాచారం పూర్తిగా కుదురుకోవడానికి 24 నుంచి 48 గంటలు పట్టవచ్చు. అందుకే ఆదివారంతో ముగిసిన వారం నివేదికను సోమవారం కాక బుధవారం పంపడం మేలు. అనలిటిక్స్ 4లో విడి వివరాలను దాచే గడువు మొదట రెండు నెలలే ఉంటుంది. ఖాతా తెరిచిన రోజే దానిని 14 నెలలకు మార్చండి, ఎందుకంటే మార్చకముందు పోయినవి తిరిగిరావు.

ఏ కాలాన్ని ఏ కాలంతో పోల్చాలి

డాష్‌బోర్డులో పోలిక పెడితే అది గత నెలతోనో, గత ఏడాది ఇదే తేదీలతోనో పోలుస్తుంది. మన వ్యాపారాలకు ఈ పోలిక చాలాసార్లు తప్పుదారి పట్టిస్తుంది. చీరల అమ్మకాలు పంచాంగాన్ని అనుసరిస్తాయి గాని ఇంగ్లిషు క్యాలెండరును కాదు. 2023లో అధిక శ్రావణం రావడంతో నిజ శ్రావణం ఆగస్టు 17న మొదలైంది, వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 25న వచ్చింది. 2024లో అదే వ్రతం ఆగస్టు 16న, 2025లో ఆగస్టు 8న వచ్చింది. వ్రతానికి ముందు వచ్చే రద్దీ 2023లో ఆగస్టు మూడో, నాలుగో వారాలలో ఉంటే, 2025లో జూలై చివరి వారానికే మొదలైంది. ఆగస్టును ఆగస్టుతో పోలిస్తే, బాగా నడిచిన ప్రచారం విఫలమైనట్టు, ఏమీ చేయనిది గెలిచినట్టు కనిపించవచ్చు. పెళ్ళిళ్ళ సంగతీ అంతే. 2024 మే, జూన్ నెలలలో గురు, శుక్ర మూఢాలు రావడంతో పెళ్ళి ముహూర్తాలు దాదాపు లేకుండాపోయాయి. ఆ వేసవిలో పట్టుచీరల ప్రకటన ఫలితం తగ్గిందంటే దానికి వీడియో తీసినవారిని తప్పుపట్టలేము.

షీటులో “కాలం” అనే నిలువు వరుస పెట్టమన్నది ఇందుకే. ఏడాది మొదట్లోనే పంచాంగం దగ్గర పెట్టుకుని ప్రతి తేదీకి ఎదురుగా సంక్రాంతి ముందు, ఆషాఢం, శ్రావణం, ముహూర్తాలు, మూఢం, సాధారణం అని నింపండి. నెల్లూరులో బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు బయటి ప్రాంతాలనుంచి పెద్ద సంఖ్యలో జనం వస్తారు. మొహర్రంను అనుసరించే ఆ పండుగ ప్రతి ఏడాదీ సుమారు 11 రోజులు ముందుగానే వస్తుంది కాబట్టి దానికీ ఒక గుర్తు ఉండాలి. ఈశాన్య రుతుపవనాల కాలంలో, ముఖ్యంగా నవంబరు, డిసెంబరులలో, వాయుగుండాల వల్ల బజారు మూతపడ్డ రోజులను ఆ రోజే “వాన” అని రాసి ఉంచండి. మూడు నెలల తరువాత గ్రాఫులో పడిన గొయ్యికి కారణం ఎవరికీ గుర్తుండదు. ఇక పల్లెలనుంచి వచ్చే కొనుగోళ్ళు చేతిలో పంట డబ్బు ఉన్నప్పుడే పెరుగుతాయి. నెల్లూరు చుట్టూ వరి కోతలు, ఒంగోలు, కొండపి, పొదిలి వైపు పొగాకు వేలాలు సాగే నెలలను అక్కడి దుకాణాలవారు గుర్తించి పెట్టుకోవాలి. ఇలా చేశాక డాష్‌బోర్డులో “శ్రావణం” ఎంచుకుంటే, తేదీలు వేరైనా శ్రావణాన్ని శ్రావణంతోనే పోల్చుకోగలుగుతారు.

వ్యాపారం మారితే చూడవలసిన అంకె కూడా మారుతుంది. ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు ఆన్‌లైన్‌లో దూర ప్రాంతాలకు అమ్మేవారు కొరియరు ఖర్చును, తిరిగొచ్చిన పార్శిళ్ళను అమ్మకంలోనుంచి తీసివేసిన తరువాతే ఫలితం చూడాలి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు అమ్మే సంస్థకు ఒక్క ఆర్డరు కుదరడానికే నెలలు పట్టవచ్చు కాబట్టి, అక్కడ నెలవారీ కొనుగోళ్ళకంటే ధర అడిగినవారు, నమూనా తెప్పించుకున్నవారు, రెండవసారి మాట్లాడినవారు ఎందరన్నది మొదటి పుటలో ఉండాలి.

నివేదిక రాయడం

డాష్‌బోర్డు లింకును పంపడంతో నివేదిక ఇచ్చినట్టు కాదు. అంకెను చూసినవారికి ఏం జరిగిందో తెలుస్తుంది గాని, ఎందుకు జరిగిందో, ఇప్పుడేం చేయాలో తెలియదు. అందుకే వారానికి అరపుట, నెలకు ఒక పుట తెలుగులో రాసి దానికి జతచేయండి. మొదటి వాక్యంలోనే అసలు ఫలితం ఉండాలి, అది చెడ్డదైతే మరింత తప్పనిసరిగా ఉండాలి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: “ఈ నెల ప్రకటనల ద్వారా వచ్చిన అమ్మకం ఖర్చుకు 4.2 రెట్లు. నష్టపు గీత 5 రెట్లు కాబట్టి ఈ నెల నష్టం వచ్చింది. ఇన్‌స్టాగ్రామ్ విచారణలు తగ్గలేదు, వాటిలో కొనుగోలుగా మారినవి తగ్గాయి. సాయంత్రం 7 తరువాత వచ్చిన సందేశాలకు మరుసటి రోజు జవాబివ్వడం దీనికి కారణమని అనుకుంటున్నాము. వచ్చే రెండు వారాలు రాత్రి 9 వరకు జవాబివ్వడానికి ఒకరిని నియమించి ఫలితం చూద్దాము.” ఇందులో తెలిసిన విషయం, ఊహించిన కారణం, చేయబోయే పని మూడూ విడివిడిగా కనిపిస్తున్నాయి. ఊహను వాస్తవంలా రాసే నివేదికను యజమాని రెండుసార్లు నమ్మి, మూడోసారి చదవడం మానేస్తారు.

చిన్న సంఖ్యల విషయంలో తొందరపడకండి. ఒక ప్రకటనకు మూడు, మరొకదానికి అయిదు కొనుగోళ్ళు వస్తే రెండవది మేలని తేల్చడానికి ఆధారం చాలదు. కనీసం నాలుగైదు వారాలు, కొన్ని పదుల కొనుగోళ్ళు వచ్చేవరకు ఆగి, అప్పటివరకు “ఇంకా తేలలేదు” అని నివేదికలో స్పష్టంగా రాయండి.

నెల నివేదిక పంపిన రోజున డాష్‌బోర్డును పీడీఎఫ్‌గా దించి భద్రపరచండి, ఎందుకంటే ఆలస్యంగా నమోదయ్యే కొనుగోళ్ళ వల్ల పాత నెల అంకెలు తరువాత కొద్దిగా మారుతుంటాయి. విచారణ అంటే ఏమిటి, కొనుగోలు అంటే ఏమిటి అన్న నిర్వచనాన్ని ఏడాది మధ్యలో మార్చవలసివస్తే, మార్చిన తేదీని గ్రాఫు కిందనే రాయండి. చూసేవారికి చూసే అనుమతి మాత్రమే ఇవ్వండి, మార్చే అనుమతి ఒకరిద్దరికి చాలు. ఖాతాదారుల పేర్లు, ఫోను నంబర్లు ఈ షీటులోకి రానే రాకూడదు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లోనే వచ్చింది. చట్టం సంగతి అటుంచినా, మన దుకాణాన్ని నమ్మి నంబరు ఇచ్చిన ఇంటి ఆడవారి వివరాలు నలుగురి ఫోనులలో తిరగడం సరికాదు. షీటులో సంఖ్యలుంటే చాలు, పేర్లు బిల్లింగు సాఫ్ట్‌వేరులోనే ఉండాలి.

పని మొదలుపెట్టేవారు మొదటి నెలంతా కౌంటరు నమోదు, షీటు ఈ రెండింటిమీదే దృష్టి పెట్టి, వరుసలు ఖాళీ లేకుండా నిండుతున్నాయని తేలాక రెండవ నెలలో లుకర్ స్టూడియోను కలపడం మంచిది. అప్పటినుంచి మూడు నెలలకొకసారి యజమానితో కూర్చుని, మొదటి పుటలోని ఒక్కో గ్రాఫును చూపి, దీనిని చూసి ఈ మూడు నెలల్లో ఏ నిర్ణయం తీసుకున్నారని అడగండి. జవాబు లేని గ్రాఫును ఆ రోజే రెండవ పుటకు మార్చండి.